తనంతట తానే తగ్గే నొప్పికి మందు

క్లస్టర్ తలనొప్పికి మందు వాడడంలో ఉన్న పెద్ద చిక్కు, అది తనంతట తానే తగ్గిపోవడం. కంటి వెనక మొదలైన పోటు ఏ చికిత్సా చేయకపోయినా పదిహేను నిమిషాల నుంచి మూడు గంటల లోపు దిగిపోతుంది. రోజూ దాదాపు అదే వేళకు వచ్చే ఆ పోట్ల వరస కూడా చాలామందిలో కొన్ని వారాలకో, రెండు మూడు నెలలకో ఆగిపోయి, ఆ తరువాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మనిషి జోలికి రాదు. అందువల్ల ఆ రోజుల్లో ఏది చేసినా అదే పని చేసినట్టు కనిపిస్తుంది. మింగిన మాత్రకు, పీకించుకున్న పన్నుకు, ముక్కుకు చేయించుకున్న ఆపరేషన్‌కు, మానేసిన వంకాయకు, కట్టించుకున్న తాయెత్తుకు, అన్నింటికీ ఏదో ఒక సంవత్సరం మంచి పేరు వస్తుంది. ఈ జబ్బుతో చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నవాడిగా, ఏ మందు నిజంగా పని చేస్తుంది, ఏది కాకతాళీయంగా పేరు తెచ్చుకుంటుంది అన్న విషయం మీద నాకు తెలిసినంత వరకు రాయాలనిపించింది.

ఈ జబ్బు సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుందని అంచనా. నొప్పి ఎప్పుడూ ఒక పక్కనే, కన్ను, కనుబొమ, కణత ప్రాంతంలో వస్తుంది. ఆ పక్క కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది లేదా కారుతుంది, కొందరికి పైరెప్ప వాలిపోతుంది. రెండు రోజులకు ఒకసారి మొదలుకొని రోజుకు ఎనిమిదిసార్ల వరకు రావచ్చు. నిద్రపట్టిన గంటా రెండు గంటలకు లేపడం దీనికి బాగా అలవాటు. పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, వచ్చినవారు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు, ఈ నొప్పి వచ్చినవారు పడుకోలేరు. గదిలో పచార్లు చేస్తారు, తల గోడకు ఆనించి నొక్కుకుంటారు, కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతారు. ఈ ఒక్క తేడాను ఇంట్లోవారు గమనించి డాక్టరుగారికి చెప్పగలిగితే రోగనిర్ధారణ సగం అయినట్టే. మా ఆవిడ ఆ మాట చెప్పేదాకా నన్ను పరీక్షించిన వారెవరూ ఆ ప్రశ్న అడగలేదు. "ఈయన నొప్పి వస్తే ఒక్క క్షణం కూర్చోరండీ, హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంటారు" అని ఆవిడ అనగానే న్యూరాలజిస్టు కలం పక్కన పెట్టి, "ఏ వేళకు వస్తుందమ్మా?" అని తిరిగి ఆవిడనే అడిగారు.

ఇది కొత్త జబ్బు కాదు. రోజూ ఒకే గంటకు, ఎడమ కంటి పైభాగాన నొప్పి మొదలై, కన్ను ఎర్రబడి, నీరు కారి, గుడ్డు ఊడి వస్తున్నంత బాధపడి, కొన్ని గంటల తరువాత ఏమీ జరగనట్టు మామూలైపోయే ఒక మధ్యవయస్కుడి గురించి గెరార్డ్ వాన్ స్వీటెన్ అనే వైద్యుడు 1745లోనే రాశాడు. గడియారం పట్టుకుని వచ్చినట్టుండే ఆ వేళాపాళానికి కారణం మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే భాగమని, నిద్రనూ మెలకువనూ నడిపే ఆ భాగం నొప్పి సమయంలో చురుకుగా మారుతుందని 1998లో పెట్ స్కాన్ ద్వారా చూపించారు. నాకు ఏటా ఆశ్వయుజ కార్తీకాల ప్రాంతంలోనే ఈ వరస మొదలవుతుంది, పొద్దు కుంచించుకుపోయే ఋతువులో ఇలా రావడం ఈ జబ్బులో సాధారణమేనట. కార్తీక సోమవారం ఉపవాసాల వల్ల వస్తోందని మా పెద్దత్తయ్య గట్టిగా నమ్మేది. ఉపవాసం ఉండేది ఆవిడే తప్ప నేను కాదన్న సంగతి ఆ నమ్మకానికి అడ్డు రాలేదు.

మందుల మాటకు వెళ్లేముందు ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. జీవితంలో మొదటిసారిగా, పిడుగు పడినట్టు, ఒక్క నిమిషం లోపలే పతాకస్థాయికి చేరే తలనొప్పి వేరు. అది మెదడు పొరల మధ్య రక్తనాళం చిట్లడం వల్ల కావచ్చు, అప్పుడు చేయవలసిన పని 108కి ఫోన్ చేయడం, ఆసుపత్రిలో వెంటనే సీటీ స్కాన్ చేయించడం. మెదడు రక్తనాళాలు తాత్కాలికంగా బిగుసుకుపోవడం వల్ల కూడా ఇటువంటి పిడుగు నొప్పి వస్తుంది. అటువంటివారికి నేను కింద మెచ్చుకోబోయే సుమాట్రిప్టాన్ హాని చేస్తుంది, ఎందుకంటే అది రక్తనాళాలను ఇంకా బిగిస్తుంది. కాబట్టి ఈ వ్యాసంలోని మందుల సంగతులన్నీ స్కాన్లు తీయించుకుని, క్లస్టర్ అని డాక్టరు తేల్చి చెప్పినవారికి మాత్రమే వర్తిస్తాయి.

అలా తేల్చి చెప్పేలోపు గడిచిపోయే కాలమే ఈ జబ్బులో పెద్ద నష్టం. ముక్కు కారుతుంది కాబట్టి సైనస్ అంటారు, పైదవడలోకి పాకుతుంది కాబట్టి పన్ను అంటారు, ఒకే పక్క వస్తుంది కాబట్టి మైగ్రేన్ అంటారు. నాకు సైనస్ అన్న పేరుతో యాంటీబయాటిక్ కోర్సులు నడిచాయి. ప్రతి కోర్సు చివరా నొప్పి కొద్దిగా సర్దుకునేది, వరస ఎలాగూ ముగింపుకు వచ్చే రోజులే కాబట్టి. తలనొప్పి అనగానే మన ఇళ్లలో చేతికందేది పచ్చసీసా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం మామూలు తలబరువుకు ఎంత ఊరటో నాకూ తెలుసు గాని, ఈ నొప్పి దాని పరిధిలోది కాదు. అప్పటికే నీరు కారుతున్న కంటి దగ్గర దాన్ని రాస్తే మంట అదనం.

మామూలు నొప్పి మాత్రలు ఎందుకు పనిచేయవో అర్థం చేసుకుంటే మిగతా చికిత్స అంతా దానంతట అదే అర్థమవుతుంది. పారాసిటమాలో, డైక్లోఫెనాకో మింగితే అది కడుపులో కరిగి, పేగు నుంచి రక్తంలోకి ఎక్కి, పని మొదలుపెట్టేసరికి అరగంట నుంచి గంట పడుతుంది. క్లస్టర్ పోటు కొద్ది నిమిషాల్లోనే శిఖరానికి చేరి, చాలాసార్లు గంటలోపే దిగిపోతుంది. మాత్ర రక్తంలోకి చేరేసరికి నొప్పి వెళ్లిపోవడానికి చెప్పులు వేసుకుంటూ ఉంటుంది, కాని తగ్గించిన ఖ్యాతి మాత్రకు దక్కుతుంది. మర్నాడు మళ్లీ అదే వేళకు నొప్పి వస్తే, "నిన్న దీనితోనే తగ్గింది కదా" అని ఇంకొకటి మింగుతాం. డైక్లోఫెనాక్ వంటివి ఇలా నెలల తరబడి మింగినవారికి కడుపులో పుళ్లు మిగలవచ్చు. ట్రమడాల్ వంటి మత్తు కలిగిన మాత్రలది కూడా ఇదే కథ, పైగా వాటికి అలవాటు పడే ప్రమాదం ఉంది.

అందుకే పోటును ఆపే మందు నిమిషాల్లో పనిచేసేది కావాలి. అటువంటివి ముఖ్యంగా రెండే ఉన్నాయి. మొదటిది సుమాట్రిప్టాన్ 6 మి.గ్రా. చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. 1991లో ప్రచురించిన ఒక పరీక్షలో ఈ ఇంజెక్షన్ ఇచ్చిన పోట్లలో 74 శాతం పదిహేను నిమిషాల్లో బాగా తగ్గాయి. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు తగ్గినవి 26 శాతం. ఈ రెండో అంకెను కూడా తప్పకుండా చూడాలి. ఏ మందూ లేకుండానే నాలుగింట ఒక వంతు పోట్లు పావుగంటలో తగ్గాయన్నమాట, తాయెత్తులు బతికేది ఆ పావు వంతు మీదే. ఇంజెక్షన్ దొరకనప్పుడు ముక్కులో కొట్టుకునే సుమాట్రిప్టాన్ లేదా జోల్మిట్రిప్టాన్ స్ప్రే వాడతారు, అవి కొంచెం నెమ్మది. అదే మందు మాత్ర రూపంలో తీసుకుంటే పైన చెప్పిన ఆలస్యమే ఎదురవుతుంది గనుక పెద్దగా ప్రయోజనం లేదు, అయినా చీటీల్లో ఎక్కువగా కనిపించేది మాత్రే. ఇంజెక్షన్ రోజుకు రెండింటికి మించకూడదు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు దాన్ని వాడనే కూడదు. ఈ జబ్బు ఉన్నవారిలో పొగతాగేవారు చాలా ఎక్కువ కాబట్టి ముందు గుండె పరిస్థితి చూసుకోవడం లాంఛనం కోసం కాదు.

రెండోది ఆక్సిజన్. ఒక మందుల కంపెనీ పేరు గాని, మెరిసే అట్టపెట్టె గాని లేకపోవడం వల్ల దీనికి రావలసినంత గౌరవం రాలేదని నా అభిప్రాయం. అమెరికాలో లీ కుడ్రో 1981లో దీని ఉపయోగాన్ని వివరంగా ప్రచురించాడు. బ్రిటన్‌లో జరిపి 2009లో ప్రచురించిన పరీక్షలో, నిమిషానికి 12 లీటర్ల చొప్పున పదిహేను నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చినప్పుడు 78 శాతం పోట్లు తగ్గాయి, అదే మాస్కులోంచి మామూలు గాలి పీల్చినప్పుడు 20 శాతమే తగ్గాయి. గుండె జబ్బు ఉన్నవారు కూడా వాడవచ్చు, రోజుకు ఎన్నిసార్లైనా వాడవచ్చు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

చెప్పడానికి తేలికే గాని, దీన్ని ఇంట్లో అమర్చుకోవడంలో చాలా సంగతులున్నాయి. 2021 కరోనా వేసవి తరువాత ఆక్సిజన్ అంటే మన ఊళ్లలో అందరికీ తెలిసింది, కాని అందరికీ తెలిసింది గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సంట్రేటరు అనే యంత్రం. ఇళ్లలో ఉండే కాన్సంట్రేటరు నిమిషానికి ఐదు లీటర్లు, పెద్దదైతే పది లీటర్లు ఇస్తుంది, ఈ నొప్పికి కావలసిన ధార దానితో రాదు. సిలిండరే కావాలి. మన దగ్గర బి టైపు అని పిలిచే చిన్న సిలిండర్లో సుమారు 1,500 లీటర్ల వాయువు పడుతుంది. ఒక్కో పోటుకు 12 లీటర్ల చొప్పున పదిహేను నిమిషాలకు 180 లీటర్లు ఖర్చవుతుంది కాబట్టి అది ఎనిమిది పోట్లకు సరిపోతుంది. రోజుకు మూడు పోట్లు వచ్చేవారికి మూడో రోజుకల్లా ఖాళీ. సుమారు 7,000 లీటర్లు పట్టే జంబో సిలిండరు అద్దెకు తెచ్చుకుని, మంచం పక్కన గోడకు గొలుసుతో కట్టుకోవడం మేలు. సిలిండర్ల షాపాయన మొదటిసారి మా ఇంటికి తెచ్చినప్పుడు లోపలికి తొంగిచూసి, "పేషెంటు ఏ గదిలో ఉన్నారు సార్?" అని అడిగాడు. నేనేనని చెబితే, సిలిండరును గుమ్మంలోకి ఒంటిచేత్తో దొర్లించుకొస్తున్న నన్ను పైనుంచి కిందికి చూసి ఏమీ అనలేదు గాని, అడ్వాన్సు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

మాస్కు విషయంలో కూడా అంతే పట్టింపు అవసరం. ముక్కులో పెట్టుకునే సన్నగొట్టం పనికిరాదు. కింద సంచి వేలాడే నాన్-రీబ్రీదర్ మాస్కు తీసుకుని, ముందు ఆ సంచి పూర్తిగా ఉబ్బేదాకా ఆగి, తరువాత ముఖానికి గట్టిగా అదిమి పట్టుకుని, కుర్చీలో ముందుకు వంగి కూర్చుని, లోతుగా పీల్చాలి. గాలి పీల్చినప్పుడు సంచి పూర్తిగా చప్పబడిపోతుంటే ధార చాలడం లేదని అర్థం. రెగ్యులేటరు 15 లీటర్ల వరకు చూపేది అయి ఉండాలి. సిలిండరు తెరిచే తాళంచెవిని సిలిండరుకే దారంతో కట్టి ఉంచాలి, అర్ధరాత్రి ఒంటికన్నుతో దాన్ని వెతకడం కంటే నరకం లేదు. దేవుడి దీపం, గ్యాస్ పొయ్యి, సిగరెట్టు ఆ గది దరిదాపుల్లో ఉండకూడదు. ఇంకొక మాట, నొప్పి ముదిరాక కాకుండా కంట్లో మొదటి నలుసు పడినట్టు అనిపించగానే మొదలుపెట్టాలి.

ఇవి రెండూ వచ్చిన పోటును ఆపుతాయి, రాబోయే దానిని ఆపవు. వరసనే అణచడానికి వాడే మందుల్లో అన్నిటికంటే ముందు నిలిచేది వెరాపమిల్. రక్తపోటుకూ గుండె లయకూ వాడే ఈ పాత మందు క్లస్టర్ మీద ఎందుకు పనిచేస్తుందో పూర్తిగా తేలలేదు గాని, పనిచేస్తుందన్నది తేలింది. 2000లో ఇటలీ వైద్యులు 30 మంది మీద రోజుకు 360 మి.గ్రా. ఇచ్చి ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూపించారు. సాధారణంగా 240 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టి, పది పద్నాలుగు రోజులకొకసారి 80 మి.గ్రా. చొప్పున పెంచుకుంటూ పోతారు. కొందరికి 960 మి.గ్రా. వరకూ అవసరమవుతుంది, అది రక్తపోటుకు వాడే గరిష్ఠ మోతాదుకు రెట్టింపు. అందుకే మందుల షాపులో చీటీ చూసి, "ఇంత డోసా, డాక్టరుగారు పొరబాటున రాశారేమో కనుక్కోండి" అంటారు. వాళ్ల అనుమానంలో తప్పు లేదు, ఎందుకంటే ఈ మందు గుండెలో విద్యుత్తు ప్రసారాన్ని నెమ్మదింపజేస్తుంది. పెంచిన ప్రతిసారీ ఈసీజీ తీయించాలనేది అందుకే. ఛాతీలో ఏ ఇబ్బందీ తెలియకపోయినా ఈసీజీలో మాత్రం మార్పు కనిపించినవారు తక్కువేమీ కాదు. మలబద్ధకం, చీలమండల వాపు సాధారణం, వాటికి ఇసబ్గోలూ, కాళ్ల కింద దిండూ సరిపోతాయి.

ఇక్కడ మన దగ్గర తరచు ఎదురయ్యే ఒక ప్రమాదం గురించి చెప్పాలి. మైగ్రేన్ అనుకుని అంతకుముందెవరో గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనలాల్ అనే మందు రాసి ఉంటారు, రోగి దాన్ని వేసుకుంటూనే ఉంటాడు, కొత్త డాక్టరు వెరాపమిల్ రాస్తారు. ఈ రెండూ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. పాత మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద కుమ్మరించడం మర్యాద కాదేమోనని సంకోచించవద్దు.

వెరాపమిల్ పట్టు దొరకడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ మధ్యకాలానికి వంతెనగా స్టెరాయిడ్ ఇస్తారు. జర్మనీలో జరిగి 2021లో ప్రచురితమైన పరీక్షలో ప్రెడ్నిసోన్ 100 మి.గ్రా. ఐదు రోజులు ఇచ్చి, ఆ తరువాత మూడు రోజులకొకసారి 20 మి.గ్రా. తగ్గించుకుంటూ వచ్చారు. మొదటి వారంలో సగటున 7.1 పోట్లు వచ్చాయి, ఉత్తుత్తి మాత్ర వాడినవారికి 9.5 వచ్చాయి. పెద్ద అద్భుతం కాదు, కాని ఆ రెండున్నర పోట్ల విలువ పడినవారికి తెలుస్తుంది. మధుమేహం ఉన్నవారికి చక్కెర అమాంతం పెరుగుతుంది, పదే పదే వాడితే తుంటి ఎముక దెబ్బతింటుంది. వాడినప్పుడల్లా తగ్గుతుంది గనుక మనంతట మనమే షాపులో కొని వేసుకోవాలన్న ఆశ పుట్టించే మందు ఇదే. తల వెనక నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోవడం కూడా ఇటువంటి వంతెనే, ఒంటికంతకూ మందు పట్టకుండా చాలామందికి ఇదే మేలు.

వరస అసలు ఆగనివారికి లిథియం ఇస్తారు. దానికి రక్తంలో మోతాదు చూస్తుండాలి, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు చేయిస్తుండాలి. బెజవాడ ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్ మింగినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. కొత్త మందుల్లో గాల్కనెజుమాబ్ నెలకొకసారి 300 మి.గ్రా. ఇంజెక్షన్. విడతలుగా వచ్చే క్లస్టర్‌కు అమెరికాలో 2019 జూన్‌లో అనుమతి దొరికింది, యూరప్‌లో దొరకలేదు. దాని పరీక్ష ఫలితాలు నాకు మరో కారణంగా ఆసక్తి కలిగించాయి. మూడో వారానికి పోట్లు సగానికి పైగా తగ్గినవారు మందు తీసుకున్నవారిలో 71 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 53 శాతం. ఏ మందూ లేకుండా మూడు వారాల్లో సగంమందికి పైగా నొప్పి సగం తగ్గిందంటే, ఈ జబ్బులో "ఫలానా దానితో నాకు తగ్గింది" అన్న మాటకు, నాది కూడా కలుపుకుని, ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

ఇంతటి సందేహానికీ చోటివ్వని మందు ఒకటుంది. 1974లో నార్వేకు చెందిన ఓట్టార్ స్యాస్టాడ్, ఇంగె డాలె వర్ణించిన పారాక్సిస్మల్ హెమిక్రేనియా అనే జబ్బు అచ్చం క్లస్టర్‌లాగే ఉంటుంది గాని, పోట్లు పొట్టివి, రెండు నుంచి ముప్ఫై నిమిషాలు, రోజుకు ఐదు కంటే ఎక్కువసార్లు వస్తాయి. దానికి ఇండోమెథసిన్ వేస్తే నొప్పి పూర్తిగా పోతుంది, పోకపోతే అది ఆ జబ్బే కాదని నిర్వచనంలోనే రాసుకున్నారు. కడుపును గట్టిగా దెబ్బతీసే మందు కాబట్టి కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటాప్రజోల్ వంటి మాత్ర తోడు ఉండాలి. పొట్టి పోట్లు ఎక్కువసార్లు వస్తున్నవారికి, క్లస్టర్ మందులేవీ పనిచేయనివారికి ఒకసారి దీన్ని వేసి చూడమని డాక్టరును అడగడం న్యాయం.

మరి నా మీద ఏ మందు పనిచేస్తోందో నేను ఎలా తేల్చుకున్నాను? ఒక పుస్తకంలో పోటు మొదలైన వేళ, ఆగిన వేళ, ఏం వాడాను, ఎన్ని నిమిషాలకు తగ్గింది అన్నవి మాత్రమే రాస్తూ వచ్చాను. ఆక్సిజన్ సంగతి తొందరగానే తేలింది, పీల్చిన రాత్రుళ్లు పది పన్నెండు నిమిషాలు, సిలిండరు ఖాళీ అయిన రాత్రుళ్లు గంటకు పైన. వెరాపమిల్ సంగతి అంత తేలిగ్గా తేలలేదు. వరస ముగిసిందనిపించి, రెండు వారాలు ప్రశాంతంగా గడిచాక డాక్టరుగారు మోతాదు తగ్గించమన్నారు. తగ్గించిన నాలుగైదు రోజులకు పాత వేళకే నొప్పి లేపింది. మళ్లీ పెంచితే ఆగింది, ఇంకో మూడు వారాలకు తగ్గిస్తే ఈసారి రాలేదు. మొదటిసారి ఆగింది మందు వల్లనని, రెండోసారి ఆగింది వరస నిజంగానే అయిపోవడం వల్లనని ఆయన పుస్తకంలో రెండు తేదీల కింద గీతలు గీసి చూపించి, మిగిలిన మాత్రలు వచ్చే ఆశ్వయుజానికి పనికొస్తాయి గనుక అట్ట మీద ఎక్స్‌పైరీ తేదీ చూసి దాచుకోమన్నారు.